మోసినవాడి పేరు

మా యువజన కూటంలో ఒక నియమం ఉండేది. ప్రతి ఆదివారం ఒకరిని ఆ వారానికి నాయకుడిగా ఎన్నుకునేవారు. ఎన్నుకోవడమంటే కూటం నడిపే సారు వేలు చూపించడమే. ఆ పిల్లవాడి మెడలో నల్లతాడుకు కట్టిన చెక్క సిలువ వేసేవారు. మళ్లీ ఆదివారం దాకా మాలో ఎవరు ఏ తప్పు చేసినా శిక్ష ఆ సిలువ వేసుకున్నవాడిది. కిటికీ అద్దం పగిలినా, పాటల పుస్తకం చిరిగినా, ఎవరైనా ఎవరినైనా తిట్టినా మోకరించేది అతను. చర్చి ఆవరణ ఊడ్చేది అతను. పోయి క్షమాపణ అడిగేది అతను. తప్పు చేసినవాడు పక్కన నిలబడి చూడాలి.

"నాయకుడంటె ముందట నడిచెటోడు కాదు, మోసెటోడు" అనేవారు సారు. "ప్రభువు మన పాపం మోసిండా లేదా? మరి మీ తమ్ముని తప్పు మీరు మొయ్యలేరా?"

మోస్తాం అని అందరం ఒక్కసారే అనేవాళ్లం.

ఈ పద్ధతిని చాలామంది మెచ్చుకున్నారు. ఎల్దుర్తి నుంచి, రేగోడ్ నుంచి చిన్న సంఘాల పెద్దలు వచ్చి చూసి, తమ ఊళ్లలో కూడా పెట్టుకుంటామని చెప్పి వెళ్లేవారు. నేను ఆ పద్ధతిని ద్వేషిస్తాను. సారును కూడా. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ద్వేషం తగ్గిందని చెప్పడానికి ఇది రాయడం లేదు.

మాది మెదక్‌లో అందరూ చూడవచ్చే పెద్ద చర్చి కాదు. ఊరి చివర మా పేటలో ఉండే పెంకుల చర్చి. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆడపిల్లల బోర్డింగులో వంట చేసేది. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు మా అన్న. ఇల్లంటే మేం ముగ్గురం.

సారు బడిలో పంతులు. సైకిలు మీద వచ్చేవారు. తెల్లచొక్కా, చేతిలో బైబిలు. ఆయన మాకు చాలా నేర్పారు. నలుగురిలో లేచి నిలబడడం, చివరి వరుసకు వినపడేలా మాట్లాడడం, ఎదుటివాడి ముఖం చూసి జవాబివ్వడం, కూటం నడపడం, గొడవ పడ్డవాళ్లను కూర్చోబెట్టడం. కూలివాళ్ల పిల్లలం, వంటవాళ్ల పిల్లలం. మాకు అవి నేర్పే మనిషి మరొకరు లేరు. నేను తర్వాత పంతులమ్మనయ్యానంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఇది నాకు ఇష్టమై రాస్తున్న వాక్యం కాదు.

మా అన్నకు ఆ సిలువ అందరికంటే ఎక్కువసార్లు పడేది. ఒకసారి మా కూటం పిల్లలు ఊరి బయట ఒక పటేలు తోటలో జామకాయలు తెంపారు. పటేలు మనిషి వెంటపడితే పారిపోయి వచ్చారు. ఆ వారం నాయకుడు మా అన్న. వాడు ఒక్కడే ఆ తోటకు పోయి పటేలు ముందు నిలబడ్డాడు.

"నువ్వు తెంపినవా?" అన్నాడట పటేలు.

"లే పటేలా, నేను రానేరాలే. మావోళ్లు తెంపిండ్రు. కొట్టేదుంటె నన్ను కొట్టుండ్రి."

"నువ్వు రాకుంటె నిన్నెందుకు కొడ్తరా? పిస పట్టిందా నీకు?"

"ఈ వారం నాయకుణ్ని నేను."

పటేలుకు ఏమీ అర్థం కాలేదు. ఇంట్లోవాళ్లను పిలిచి ఈ పిల్లవాణ్ని చూడండని నవ్వాడట. చివరికి ఒక తువ్వాలలో జామకాయలు పోసి పంపించాడు. ఆ కాయలు మేమంతా తిన్నాం. సారు ఆ ఆదివారం దాని మీదే ప్రసంగం చేశారు. అమ్మ మాత్రం ఇంట్లో అన్నది: "నీ మెడల ఏసింది సిలువ గాదుర, దొంగగొడ్డుకు కట్టే గుదిబండ. ఎవడో మేస్తడు, నువ్వు గుంజుకుంట తిరుగు."

అన్న నవ్వాడు. "నీకు తెల్వదే అమ్మా" అన్నాడు.

వాడికి టీచర్ ట్రైనింగ్‌కు పోవాలని ఉండేది. దానికి సంఘం తరఫున, ఈ పిల్లవాడి నడవడి మంచిదని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మాట ఇవ్వాలి. వాడి విషయంలో ఆ మాటకు అడ్డమేముంటుందని అందరమూ అనుకున్నాం.

క్రిస్మస్ ముందటి రోజు. చర్చి ముందర తాటాకు పందిరి వేశారు. ఒక మూల వరిగడ్డి పరిచి పశువులపాక కట్టారు. బాలయేసుగా పడుకోబెట్టింది బొమ్మను కాదు, మా పేటలోనే పాలు తాగే పసివాణ్ని. ఊళ్లో కరెంటు ఉన్నా మా చర్చికి ఇంకా రాలేదు. ఒక పెట్రోమాక్స్ దీపం కిరాయికి తెచ్చారు. ఆ వారం సిలువ మా అన్న మెడలో ఉంది.

పొద్దు గూకుతోంది. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. సారు ఆలస్యంగా వచ్చి తొందరపెడుతున్నారు. అన్న పాక పక్క గుంజ దగ్గర స్టూలు ఎక్కి దీపం కట్టబోతూ ఆగాడు.

"సార్, తీగ తెస్త, జర ఆగుండ్రి. సుతిలైతె వేడికి కాలుతది."

"ఎంతసేపు? నాలుగు పాటలే గదా, ఏం గాదు. అందరు సూస్తుండ్రు. నువ్వు దిగు."

అన్న దిగాడు. సారే స్టూలు ఎక్కి జనపతాడుతో దీపం కట్టారు. నేను అదే గుంజకు కాగితం నక్షత్రం అంటిస్తున్నాను. నా చెయ్యి చాపితే ఆయన కాలికి తగిలేంత దగ్గర. నేను ఊహించుకున్నది కాదు ఇది. చూశాను.

మూడో పాటలో తాడు తెగింది. దీపం గడ్డి మీద పడింది. మంట లేచింది. ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివే ఒక నడివయసామె మా సంఘంలో ఉండేది. పెద్దమ్మ అనేవాళ్లం. అందరూ వెనక్కు ఉరికితే ఆమె ముందుకు ఉరికి పసివాణ్ని లాగింది. వాడికేమీ కాలేదు. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

నీళ్లు పోసి మంట ఆర్పాక సారు మా అన్నను చర్చి వెనక్కు తీసుకుపోయారు. నేను అన్న కోసం వెతుకుతూ పోయి, గోడ ఇవతల నిలబడి విన్నాను.

"సిలువ నీ మెడల ఉన్నది" అన్నారు సారు.

"ఉన్నది సార్."

"వచ్చే నెల మన పని సూడనీకి పైనుంచి పెద్దలు వస్తుండ్రు. ఇంతమంది పిల్లల పని ఆగిపోవద్దు. వాళ్లు పోయినంక నేనే నిలబడి చెప్త, దీపం నేను కట్టిన్నని. అందాక నువ్వు మోస్తవా?"

"మోస్త సార్."

ఆ గొంతులో భయం లేదు. సంతోషం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండేది అక్కడే. వాడు ఇన్నాళ్లూ నేర్చుకున్న పాఠానికి పరీక్ష వచ్చిందనుకున్నాడు. పాసయ్యానని కూడా అనుకుని ఉంటాడు.

పండగ వెళ్లగానే సంఘ పెద్దలు కూర్చున్నారు. దీపం ఎవరు కట్టారని అయ్యగారు అడిగారు. సారు ఏమీ అనలేదు. అన్న ముందుకు వచ్చాడు.

"ఈ వారం నాయకుణ్ని నేను అయ్యగారు. శిక్ష నాకెయ్యుండ్రి."

పెద్దలకు అది చాలింది. ఒకరు అజాగ్రత్త అన్నారు. ఇంకొకరు పోరగాళ్లు పాక వెనక బీడీలు తాగుతున్నారని విన్నాను అన్నారు. సాయంత్రానికి ఆ మాట పేటంతా పాకి, నా అన్న బీడీ తాగి గడ్డికి నిప్పు పెట్టినవాడయ్యాడు. వాడు జీవితంలో బీడీ ముట్టలేదు. సారుకు ఆ సంగతి తెలుసు. ఆయన కాదనలేదు.

సంఘం వాణ్ని క్రమశిక్షణ కింద పెట్టింది. అంటే ప్రభువు బల్లకు రాకూడదు. సంస్కారం, అంటే అక్కడ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోకూడదు. మళ్లీ చేర్చుకోవాలంటే బలిపీఠం ముందు మోకరించి, చేసిన తప్పును నోటితో చెప్పి, పశ్చాత్తాపపడుతున్నాననాలి.

నేను ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే అయ్యగారింటికి పోయాను.

"అయ్యగారు, దీపం సారే కట్టిండ్రు. నేను జూసిన."

ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "మీ అన్ననే ముందుకొచ్చి శిక్ష అడిగిండు గదమ్మా. నువ్వెందుకు మధ్యల? అన్న మీద ప్రేమ మంచిదే. దానికోసం పెద్దల మీద నింద ఎయ్యకు."

సంగతి ఇంటికి చేరింది. అన్న నా మీద కోప్పడ్డాడు. వాడు నన్ను కోప్పడింది అదొక్కసారే.

"నువ్వు చెప్తె నేను మోసిందంత ఉత్తదైతది చెల్లె. సారు మాటిచ్చిండు. చెప్తడు."

పైనుంచి పెద్దలు వచ్చారు. చూశారు. మెచ్చుకున్నారు. చుట్టుపక్కల సంఘాల యువజనులందరికీ సారును నాయకుణ్ని చేసి వెళ్లారు. మా అన్న వెళ్లి గుర్తుచేశాడు. ఈస్టర్ కానియ్యి అన్నారు సారు. ఈస్టర్ అయింది. అయ్యగారు బదిలీ అవుతుండ్రు, కొత్తాయన రానియ్యి అన్నారు. కొత్తాయన వచ్చారు. ఆ తర్వాత మా అన్న అడగడం మానేశాడు. సారు సైకిలు మీద ఎదురైతే ఎప్పటిలాగే వందనాలు సార్ అనేవాడు.

ట్రైనింగ్ సీటుకు సంఘం మాట ఇవ్వలేదు. కొత్త అయ్యగారు మంచివారు. మా ఇంటికి వచ్చి చాపమీద కూర్చుని బతిమిలాడారు.

"ఒక్క మాట బాబూ. తప్పు చేసిన అను. వచ్చే ఆదివారమే చేర్చుకుంటం. నీ చదువు గురించి నేనే మాట్లాడ్త."

"అనలేనయ్యగారు" అన్నాడు వాడు.

ఆయన వెళ్లాక అమ్మ పొయ్యి దగ్గర నుంచే అరిచింది. "ఇంత మోసినోడివి, గంత మాట మొయ్యలేవా? ఎవల కోసంరా గీ పంతం?"

"మొయ్యమంటె మోసిన అమ్మా. దేవుని ముందట అబద్ధం చెప్పమంటె చెప్ప."

వాడి శీలం అది. సారు కట్టిన శీలమే. దాన్ని ఎవరు ఏం చేశారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్న హైదరాబాదులో ఒక కార్ఖానాలో ఇనుము కరిగించే పనికి కుదిరాడు. నెలకోసారి వచ్చేవాడు. నా చదువుకు కావలసింది తెచ్చేవాడు. చర్చికి వచ్చి వెనక చాపమీద కూర్చుని, సంస్కారం ఇచ్చే వేళకు లేచి బయటికి పోయేవాడు. మొదటి తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడాది, బస్సులు సరిగా తిరగని రోజుల్లో, వాడికి పచ్చకామెర్లు వచ్చాయి. దవాఖానలో చేరిన కబురు మాకు ఆలస్యంగా అందింది. మేం పోయేసరికి మాట్లాడే స్థితిలో లేడు. అక్కడే పోయాడు. లారీలో తీసుకొచ్చాం.

క్రమశిక్షణ కింద పోయినవాళ్లను చర్చి లోపలికి తేకూడదన్నారు పెద్దలు. గంట కొట్టకూడదన్నారు. అయ్యగారు మా ఇంటి ముందరే ప్రార్థన చేశారు. సమాధుల తోటలో సారు కూడా వచ్చి నిలబడ్డారు. అందరితో పాటు వంగి పిడికెడు మట్టి తీసుకున్నారు. నేను ఆ చేతిని చూశాను.

అందరూ కదులుతుండగా గేటు దగ్గర ఆయన్ను ఆపాను.

"ఇప్పుడన్న చెప్పుండ్రి సార్. అమ్మ ఇంటది."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే ఏడ్చారు. "ఇప్పుడు చెప్తె ఎవలకు లాభం బిడ్డా? పోయినోడు పోయిండు. సంఘం పలచనైతది. పిల్లలకు నా మీద నమ్మకం పోతది. వానికి దేవుని దగ్గర కిరీటం ఉంటది, నువ్వు పరేషాన్ గాకు."

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాను. ఈ మనిషి నోటితోనే, ఆ చర్చిలోనే, అందరి ముందూ ఆ మాట చెప్పించాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. తొందరపడనని కూడా నిర్ణయించుకున్నాను.

పంతులమ్మనయ్యాను. సండే స్కూలు తీసుకున్నాను. సారుకు వయసు మీదపడి మా పేట యువజన కూటాన్ని ఎవరికైనా అప్పగించాలనుకున్నప్పుడు, ఆయన శిష్యుల్లో బాగా మాట్లాడేదాన్ని, క్రమం తప్పనిదాన్ని నేనే. అందరిముందూ చెక్క సిలువను నా చేతిలో పెట్టారు. దాన్ని ఇంటికి తెచ్చి నీళ్లపొయ్యిలో పెట్టాను. నీళ్లు కాగాయి.

కొన్నాళ్లకు సారు అడిగారు. "సిలువ ఏదమ్మా? పిల్లల మెడల కనిపిస్తలేదు."

"కాలిపోయింది సార్."

ఆయన మరి అడగలేదు.

నా కూటంలో వేరే నియమం పెట్టాను. ఎవరి తప్పు వాళ్లే చెప్పాలి. ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకున్నవాడికి తప్పు చేసినవాడికంటే ఎక్కువ శిక్ష. మొదట్లో పిల్లల తల్లిదండ్రులు ఇదేం బోధ అన్నారు. వాక్యంలో ఒకరి భారం ఒకరు మొయ్యమని లేదా అని నిలదీశారు. భారం మొయ్యమని ఉంది, అబద్ధం మొయ్యమని లేదు అన్నాను. పిల్లలు మారారు. తగాదాలు పెరిగాయి, గుసగుసలు తగ్గాయి. ఒకడు లేచి "అద్దం నేనే పలగ్గొట్టిన టీచర్, కని కావాలని కాదు, వీడు వంగిండు, రాయి పోయింది" అంటే, వంగినవాడు "అయితె నేను వంగుడు తప్పా?" అని లేచేవాడు. నాకు అది బాగుండేది.

సారును నేను ఎక్కడా తక్కువ చేయలేదు. ఎదురైతే వందనాలు సార్ అనేదాన్ని. నాయకత్వం గురించి, శీలం గురించి పిల్లలకు చెప్పమని ఆయన్ను పిలిచేదాన్ని. పిలిచి ముందువరుసలో కూర్చుని ఆయన ముఖం చూసేదాన్ని. మోసెటోడు అనే మాట రాగానే ఆయన బైబిలులోకి తల వంచేవారు. తర్వాత ఆ ప్రసంగం మానేశారు. ప్రార్థన విలువ గురించి మాట్లాడేవారు. నేను మళ్లీ పిలిచి, శీలం గురించే చెప్పండి సార్ అనేదాన్ని.

అప్పటికి చర్చికి కరెంటు వచ్చింది. అయినా క్రిస్మస్ పందిట్లో పాతకాలం గుర్తుగా ఒక పెట్రోమాక్స్ వెలిగించాలని కమిటీలో ప్రతిపాదించాను. దాన్ని కట్టే గౌరవం సారుకే ఇవ్వాలన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం స్టూలు నేనే వేశాను. తీగ నేనే అందించాను. ఆయన తీగ చుట్టి, విప్పి, మళ్లీ చుట్టారు. సంఘం అది వయసు అనుకుంది. ప్రతి ఏడూ అలాగే చేయించాను. ఆయన కాదనలేరు. కాదంటే ఎందుకని అడుగుతారు.

ఇది మంచి పని అని నేను అనడం లేదు. నాకు తృప్తిగా ఉండేది. అంతే రాయగలను.

ఒక చలికాలం ఆయనకు గుండెనొప్పి వచ్చింది, బతికి లేచారు. నన్ను రమ్మని కబురు పెట్టారు. వాళ్ల ఇంటామె చాయ ఇచ్చి లోపలికి పోయింది. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"ఏటేట దీపం ఎందుకు కట్టిపిస్తున్నవో నాకెరుకే బిడ్డా."

"ఎరుకైతె మంచిదే సార్."

"ఇంకెన్నేండ్లు?"

"మీరు చెప్పెదాక."

గోడను వదిలి నిటారుగా కూర్చున్నారు. తర్వాత నా వైపు రెండు చేతులూ జోడించారు. "తప్పు చేసిన. మీ అన్నకు అన్యాయం జేసిన. నన్ను మాఫ్ జెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

ఆయన జోడించిన చేతులు చూస్తూ చాయ తాగాను. "నాకు చెప్తె ఏమొస్తది సార్? నాకు తెల్సిందే గదా. తెల్వనోళ్లకు చెప్పుండ్రి. రిక్షా నేను తెస్త."

"నడిచే శక్తి లేదమ్మా."

"లోపటికి నేనే పట్టుకొని తీస్కపోత."

సంస్కారం ఇచ్చే ఆదివారం ఆయన వచ్చారు. రిక్షా నేనే తెచ్చాను. నా భుజం పట్టుకుని మెట్లెక్కారు. చూసినవాళ్లు గురువును శిష్యురాలు ఎంత ప్రేమగా చూసుకుంటుందో అన్నారు. ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన బలిపీఠం ముందున్న కటకటాలు పట్టుకుని నిలబడ్డారు.

"నా జీవితంల ఎన్నో పొరపాట్లు జరిగినయి" అన్నారు. "తెలిసి కొన్ని, తెల్వక కొన్ని. దేవుడు క్షమించిండు. మీరందరు సుత నన్ను క్షమించుండ్రి."

చర్చి అంతా ఆమెన్ అన్నది. ఆడవాళ్లు ఏడ్చారు. ఒకాయన స్తోత్రం అని గట్టిగా అరిచాడు. సారు కూర్చోబోయారు.

నేను ఆడవాళ్ల వైపు నుంచి లేచాను. చివరి వరుసకు వినపడేలా అడిగాను. అలా అడగడం ఆయనే నేర్పారు.

"ఏ తప్పు సార్?"

పెద్దల్లో ఒకరు లేచారు. "కూసో అమ్మా! గిది చర్చి అనుకున్నవా ఏమనుకున్నవ్?"

"చర్చి అని తెల్సే అడుగుతున్న. ఏ తప్పు సార్?"

సారు ఆ పెద్దాయన్ను చేత్తో వారించారు. నన్ను చూశారు. తప్పించుకునే దారి వెతికే చూపు కాదది. అది మటుకు ఒప్పుకుంటాను.

"పందిరి కాలిన దినం దీపం కట్టింది నేను. సుతిలితోని కట్టిన. తీగ తెస్తనన్నా ఇనలే."

ముందు కూర్చున్న పిల్లలు నా వైపు తిరిగారు.

"శిక్ష ఎవరు మోసిండ్రు సార్?"

"ఒక పిలగాడు."

"పేరు?"

ఆయన చెప్పారు. ఇంటిపేరుతో సహా, చర్చిలో పెళ్లి ప్రకటన చదివినట్టు స్పష్టంగా చెప్పారు. "వాడు బీడీ తాగలే. వానికి ఏ పాపం తెల్వదు. నేను మొయ్యమంటె మోసిండు. చెప్తనని మాటిచ్చి చెప్పలే." తర్వాత ఆయనకు ఊపిరి ఆడలేదు. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

ఆయన నోటి నుంచి ఆ పేరు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. చేతులు వెచ్చగా అయ్యాయి. ఇన్నేళ్లూ అవి చల్లగా ఉన్నాయని అప్పుడే తెలిసింది.

అయ్యగారు కిందికి దిగి వచ్చారు. మా ఇద్దరినీ చేతులు కలపమన్నారు. సమాధానపడి ఇద్దరూ కలిసి బల్లకు రండి అన్నారు. సారు చెయ్యి చాపారు. నేను చాపలేదు.

"క్షమించిన అనమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

"క్షమించలేదయ్యగారు. లోపల లేనిది ఎట్ల అంట?"

"అట్లయితె బల్లకు ఎట్లొస్తవు?"

"రాను."

బయటికి వచ్చాక ఎవరూ నా దగ్గరికి రాలేదు. వచ్చింది పెద్దమ్మ ఒక్కతే. కొంగు కప్పుకున్న కుడిచెయ్యి కొద్దిగా వంకర. నా రెక్క పట్టుకుని లాగింది.

"ఏందే నీ పంతం? ముసలోన్ని గట్ల నిలబెట్టి గుంజుతవా? చెయ్యి కాలింది నాది. నేనే ఎన్నడో మాఫ్ జేసిన. నీకేం గాలిందే?"

"నీ చెయ్యి మానింది పెద్దమ్మా."

ఆమె నా రెక్క వదిలేసింది. తిట్టబోయి ఆగింది. ఎడమచేత్తో నా తల ఒకసారి తడిమి, "పో, మీ అమ్మకు చెప్పు పో" అన్నది.

అమ్మ అప్పటికి మోకాళ్ల నొప్పులతో చర్చికి రావడం మానేసింది. గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏరడం ఆపలేదు.

"పేరు చెప్పిండా?"

"చెప్పిండు. ఇంటిపేరుతోని."

"బీడీ తాగలేదని సుత?"

"అది సుత చెప్పిండు."

"అందరు ఇన్నరా?"

"అందరు ఇన్నరమ్మా. పిల్లలు సుత."

చాట కింద పెట్టింది. వాకిట్లోకి చూసింది. నేను ఇన్నేళ్లు ఎదురుచూసిన సంతోషం ఆమె ముఖంలోకి వస్తుందని నిలబడ్డాను.

"వాడు ఇనలే గద బిడ్డా" అన్నది.

మళ్లీ చాట తీసుకుంది. నేను లోపలికి పోయి చీర మార్చుకున్నాను. అన్నం వండుకున్నాం, తిన్నాం.

సారు ఆ ఏడాది దాటలేదు. ఆయన సమాధికి అందరూ వెళ్లారు, నేను వెళ్లలేదు. తర్వాత వచ్చిన అయ్యగార్లు ఒక్కొక్కరూ అడిగారు, ఆయన ఒప్పుకున్నాడు కదమ్మా, ఇంకా ఏం కావాలి అని. నిజమే. ఆయన దగ్గర ఇవ్వగలిగింది అదొక్కటే ఉంది, నేను తీసుకున్నాను. మా అమ్మకు కావలసింది ఆయన దగ్గర లేదు. అందుకే ఆయన్ను క్షమించడం నావల్ల కాలేదు.